అరవై ఒకటో వాడు

"ఆరుగురేసి ఎక్కండి. ఆఖర్న ఒకడు మిగులుతాడు. మా అల్లుడే" అన్నాడు మేస్త్రీ.

గని అడుగున లిఫ్టు కోసం కాచుకున్నవాళ్లు మేస్త్రీతో కలిపి అరవై ఒక్కరు. ఆ అంకె మొండితనం గనిలో అందరికీ తెలిసిందే. ఇద్దరేసి, ముగ్గురేసి, నలుగురేసి, ఐదుగురేసి, ఆరుగురేసి, ఎలా పంచినా ఒకడు మిగిలి తీరతాడు. అందరికన్నా వెనక పనిలో చేరినవాడు కాబట్టి ఆ ఒకడు ఎప్పుడూ అల్లుడే. అందుకే అతనికి శేషం అని పేరు పెట్టారు. పిల్లనిచ్చిన మామే మేస్త్రీ అయినా ఆ పేరు తప్పలేదు.

మామూలు రోజైతే నవ్వి ఊరుకునేవాడు. ఇంటి దగ్గర భార్యకు నెలలు నిండాయి. షిఫ్టు దిగగానే ఆసుపత్రికి తీసుకెళ్తానని మాటిచ్చి వచ్చాడు.

"ఐదుగురేసి పంపండి మామయ్యా."

"అప్పుడూ ఒకడు మిగులుతాడు."

"ఏడుగురేసి ఇరుక్కుంటే ఐదుగురం మిగులుతాం. తోడైనా ఉంటుంది."

"పట్టరు."

శేషానికి ఒళ్లు మండింది. దానికి తోడు గొంతులో దుమ్ము. అంతమందిలో తనొక్కడే దగ్గుతున్నాడు. తన సీసా అడుగున ఉన్న నీళ్లు అందించబోతే మేస్త్రీ వద్దన్నాడు, నువ్వే దాచుకో అన్నాడు. మిగతావాళ్లు టోపీ దీపాలు కూడా ఆర్పేసి నిలబడ్డారు. బ్యాటరీ పొదుపు కాబోలు అనుకున్నాడు.

"పోనీ ఒక్కొక్కరమే వెళ్దాం. అప్పుడు ఎవరూ మిగలరు."

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"అదే కూడదు అల్లుడూ. ఒకడు మిగలాలి."

అక్కడ కన్నకూతురు నొప్పులు పడుతుంటే ఈ పెద్దమనిషికి ఇక్కడ భాగహారాలు కావలసి వచ్చాయా అని శేషం లోలోపల తిట్టుకున్నాడు. కూర్చుని కూర్చుని కాళ్లు మొద్దుబారాయి గానీ, లేకపోతే తోసుకునైనా ఎక్కేవాడే.

లిఫ్టు వస్తోంది, పోతోంది. గిలకలకు నూనె పట్టించారేమో, చప్పుడే లేదు. పదోసారి మేస్త్రీ ఎక్కాడు. తలుపు మూసే ముందు, "అమ్మాయి జాగ్రత్త" అన్నాడు.

ఆ తర్వాత లిఫ్టు రాలేదు. శేషం పిలిచాడు, బతిమాలాడు, చివరికి ఏడ్చాడు. చాలాసేపటికి పక్కగోడ అవతల గునపాల చప్పుడు వినిపించింది. రాళ్లు జారి, ఆ కంతలోంచి ఒక దీపమూ దాని వెనక ఒక మొహమూ లోపలికి వచ్చాయి.

"ఒకడున్నాడు" అని ఆ మనిషి వెనక్కి తిరిగి చెప్పాడు. "మిగతా అరవై మందీ ఏరి?"

"పైకి వెళ్లారుగా, లిఫ్టులో, ఆరుగురేసి. మా మామయ్య ఆఖరి విడతలో ఎక్కాడు. నన్నొక్కణ్ణే వదిలేశాడు."

ఆ మనిషి మెల్లగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లిఫ్టు తాడు తెగి మూడు రోజులైంది."