నీలం గవ్వ

పది నిమిషాలుగా సదానందం సార్ మైక్రోస్కోపులోంచి కన్ను తీయలేదు.

సుప్రియ గోడకు ఆనుకుని నిలబడింది. ఆ మధ్యాహ్నం వరంగల్ మొత్తంలో తనకన్నా భయపడుతున్న మనిషి ఇంకొకరు ఉండరనిపించింది.

ఐదేళ్ల పరిశోధన. రాజమండ్రి వైపు క్వారీల నుంచి తెచ్చిన రాళ్లను నానబెట్టి, జల్లెడ పట్టి, ఆవగింజలో సగం కూడా లేని గవ్వలు ఏరింది. ఆరు కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో తేలుతూ బతికి, అంతరించిపోయిన జీవుల గవ్వలవి. ఫొరామినిఫెరా అంటారు. వాటిలో ఒకటి ఎవరూ చూడని కొత్త జాతి అని ఆమె థీసిస్. దాని గవ్వలో ఆరు గదులు. సదానందం సార్ ముప్పై ఏళ్ల కిందట పేరు పెట్టిన జాతికి ఐదే. అది తప్ప రెండూ కవల పిల్లలే.

అందుకే పరీక్షకుడిగా ఆయన్నే వేశారు. పాత గవ్వ స్లైడూ కొత్త గవ్వ స్లైడూ రెండూ చూసి తేల్చాలి. ఆయన పేరులో ఆనందం ఉంది కానీ, మొహంలో దాన్ని చూసినవాళ్లు లేరు. ఇప్పటికే ఇద్దరి థీసిస్‌లు తిప్పి పంపాడని చెప్పుకుంటారు. ఆయన సరే అంటే హసన్‌పర్తి కాలేజీలో ఆమె ఉద్యోగం పక్కా. కాదంటే ఐదేళ్లూ గంగలో కలిసినట్టే.

సార్ ఫ్యాన్ కింద కూర్చుని కూడా చెమట తుడుచుకున్నాడు. కోపమొస్తే ఈయనకు చెమటలు పడతాయేమో అనుకుంది సుప్రియ.

"జర నువ్వు చూడు సుప్రియా," అన్నాడు. "నీకేం కనబడుతాంది?"

ఆమె వంగి కన్ను ఆనించింది. గవ్వ అంచున నీలం. పల్చగానే ఉంది, కానీ నీలమే. ఇక ఆమె చూపు గదుల దాకా పోలేదు.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఒక రాయి పని అయిపోగానే జల్లెడను నీలం రంగు నీళ్లలో ముంచుతారు. కడిగినా పోకుండా సందుల్లో ఇరుక్కున్న పాత గవ్వలకు రంగు పడుతుంది. తర్వాతి రాయిలో నీలం గవ్వ కనబడిందంటే అది ఆ రాతిది కాదు. తీసి పారెయ్యాల్సిందే.

పాపకు జ్వరమని ఫోనొస్తే జల్లెడ గబగబా కడిగేసి దవాఖానకు పరుగెత్తిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. పాత మైక్రోస్కోపు పసుపు లైటులో ఇన్నాళ్లూ ఈ రంగు తెలియలేదు. పోయిన నెల వచ్చిన కొత్తదాని తెల్ల లైటు గుట్టు బయటపెట్టింది.

"లైటు తేడా కావచ్చు," సార్ మెల్లగా అన్నాడు. "ఏమంటవ్?"

తనను పరీక్షిస్తున్నాడనుకుంది. అవునంటే బతికిపోవచ్చు. లేదా అక్కడే దొరికిపోవచ్చు. దేవా, అనుకుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"లైటు కాదు సార్. రంగే. ఇది వేరే రాతి గవ్వ. ఎన్నేండ్ల కష్టమైతేంది, దీని మీద పెట్టిన జాతి పేరు చెల్లదు. కొట్టెయ్యుండ్రి."

"మరి ఆ పేరు పెట్టిన మనిషి ఏం గావాలె?"

"కొన్ని దినాలు ఏడ్వాలె సార్. అయినా కొట్టెయ్యాలె."

ఆ మాట అనేసి సుప్రియ బల్ల అంచు పట్టుకుంది. సార్ కళ్లద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నీ స్లైడు ఇంక డబ్బాల నుంచి తియ్యనే లేదు బిడ్డా, నువ్వు చూసింది ముప్పై ఏండ్ల కింద నేను పేరు పెట్టిన గవ్వను."