ఏడు ముక్కల స్పంజి

తెల్లారితే ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆళ్లగడ్డ బడి సైన్సు గదిలో, లాంతరు వెలుగున, సముద్రపు స్పంజీలను సున్నపువి, గాజువి, మెత్తనివి అని వేరుచేసి చీటీలు అంటిస్తున్నాను. ఉన్న ఒక్క మెత్తనిదాన్నీ బడి బంట్రోతైన మా నాయన ఏడు ముక్కలు కోసి, పలకలు తుడుచుకోమని పిల్లలకు పంచాడు.

“ప్రభువు రొట్టె పంచినట్టు పంచితివి గదా, నాయనా!”

“నా కొలువు పోతాదని నేనుంటే నగుతాండావా, రూతూ?”

పిల్లల ఇళ్లకెళ్లి ముక్కలన్నీ తిరిగి తెచ్చి, సుద్దపొడి పోవాలని గిన్నెడు నీళ్లలో నానేశాం. కాసేపటికి నీళ్లు మెల్లగా పీలుస్తున్న చప్పుడు. చూస్తే స్పంజి ఒకటే, ఎక్కడా అతుకు లేదు. ప్రాణమున్న స్పంజి ముక్కలు తమ జాతితోనే అతుక్కుంటాయని పుస్తకంలో ఉంది. ఇది ఎండి పన్నెండేళ్లయింది.

నాయన సంబరంగా దాన్ని అరచేతిలోకి తీసుకుని పెట్టెలో పెట్టబోయాడు. అది చేయి వదల్లేదు; దానికీ అరచేతి చర్మానికీ మధ్య అతుకే కనబడలేదు.

“నొప్పేం లేదు పాపా,” అన్నాడు కళ్లు మూసుకుని. “సల్లగుండాది.”