చీటీ మీద నలభై ఒకటి

దాణా బస్తాను కౌంటరు మీద పడేసి, దానికి కుట్టిన చీటీని వేలితో పొడిచాడు ఎల్డన్ థ్రాల్.

"నూటికి నలభై ఒక్క పాళ్లు మాంసకృత్తులని అచ్చేశావు. లోపల చూస్తే పొట్టు. నా ఆవుల కడుపు మాడుస్తున్నావు బక్‌మాన్."

రూఫస్ బక్‌మాన్ తలెత్తలేదు. వెర్మాంట్‌లోని ఆ లోయ మొత్తానికీ పత్తిచెక్క పొడి అమ్మేవాడు అతనొక్కడే. "నచ్చకపోతే ఎండుగడ్డి పెట్టుకో. నిన్నెవరు రమ్మన్నారు?"

థ్రాల్ అక్కడికి రావడానికి కారణం పాలకేంద్రం మేనేజరు హోబార్ట్. ఆ నెలలో రెండుసార్లు అతను థ్రాల్ పాలు పరీక్ష చేశాడు. గాజు గొట్టంలో వెన్న రెండుసార్లూ కనీసం అందుకోవాల్సిన మూడో గీతకు దిగువనే ఆగింది. మూడోసారీ అంతే అయితే ఏప్రిల్ ఒకటో తారీఖున ఖాతాలోంచి పేరు కొట్టేస్తానన్నాడు. పన్నెండు ఆవుల పాలు కొనేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. దాణాలో బలం లేకపోతే పాలలో వెన్న ఉండదని ఆ లోయలో అందరి నమ్మకం. హోబార్ట్ నమ్మకమూ అదే.

థ్రాల్ రాజధానికి ఉత్తరం రాశాడు. కల్తీని నిషేధించే చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు. వారం తిరిగేసరికి లైఫర్డ్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి, బక్‌మాన్ కొట్లో పది బస్తాల్లో పొడుగాటి గొట్టం గుచ్చి పొడి లాగాడు. రెండు సీసాలు నింపి లక్క ముద్ర వేసి, రూలు ప్రకారం ఒకటి బక్‌మాన్‌కు ఇచ్చాడు. దీన్ని కాఫీలో కలుపుకోమంటారా అని అడిగాడు బక్‌మాన్.

అక్కణ్ణుంచి లైఫర్డ్ థ్రాల్ పశువుల కొట్టానికి వచ్చాడు. పితికేటప్పుడు పక్కనే ఉండి పాలు కూడా పట్టుకెళితే కేసు గట్టిపడుతుందన్నాడు.

"కొత్త మనిషి నిలబడితే ఆవులు పాలు చేపవండీ," అన్నాడు థ్రాల్, గుమ్మంలోంచి కదలకుండా. "నా ఫిర్యాదు బస్తాల మీద. అవి చూశారుగా."

లైఫర్డ్ పట్టుబట్టలేదు. బండి వెళ్లాక థ్రాల్ భార్య లవీనా బయటికొచ్చింది.

"బక్‌మాన్ వ్యాపారం పోతుందండీ. వదిలెయ్యండి."

"మన పేరు కొట్టేసేటప్పుడు హోబార్ట్ వదిలేస్తాడా?" అన్నాడు భర్త.

మార్చిలో కేసు విచారణకొచ్చింది. నలభై ఒకటి ఉండాల్సిన చోట ముప్పై నాలుగే ఉందని ప్రభుత్వ రసాయనశాల తేల్చింది. తక్కినది మెత్తగా మరపట్టిన గింజపొట్టు.

"చీటీలు ముందే అచ్చు వేయించానండి," అన్నాడు బక్‌మాన్. "పొట్టు తర్వాత కలిసింది."

"కలిసిందా, కలిపారా?" అని అడిగాడు జడ్జి.

 బక్‌మాన్‌కు వంద డాలర్ల జరిమానా పడింది. పేరు ప్రభుత్వ పత్రికలో వేయమని ఉత్తర్వు అయింది.

కోర్టు మెట్ల మీద అతను థ్రాల్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "నా కొట్టు మూయించావు. నీకేం ఒరిగిందిరా? ఒక్క సెంటయినా వచ్చిందా?"

థ్రాల్ అతన్ని భుజంతో నెట్టుకుంటూ లోపలికి వెళ్లి, గుమాస్తా దగ్గర తీర్పు నకలు రాయించుకున్నాడు. దాన్ని ఇంటికి కూడా తీసుకెళ్లలేదు. తిన్నగా పాలకేంద్రానికి పోయి హోబార్ట్ ముందు పరిచాడు.

హోబార్ట్ రెండుసార్లు చదివాడు. ఖాతాలో థ్రాల్ పేరు పక్కనున్న ఎర్ర గుర్తులు రెండూ కొట్టేశాడు. మంచి దాణా పడి ఆవులు తేరుకోవడానికి ఎండాకాలం దాకా గడువిస్తానని, అందాకా పరీక్ష ఉండదని చెప్పి చేయి కలిపాడు.

మర్నాడు పొద్దున థ్రాల్ పాలక్యాన్లలో రోజూ కలిపేదానికంటే కాస్త తక్కువ నీళ్లు పోశాడు.