ఎదురువాటా గది

దేవుడు అందరికీ గుండె పెట్టాడా, హడావిడిలో కొందరికి మర్చిపోయాడా అన్న అనుమానం పిన్నిగారికి ఏళ్ళుగా ఉంది. ఎదురువాటా ఆవిడ నోరు విప్పినప్పుడల్లా అది ఇంకాస్త ముదురుతుంది.

“అమ్మా నాన్నా లేకపోతే నీకు పూచీ ఎవరు?” అంటోంది ఎదురువాటా ఆవిడ, తలుపు సగమే తీసి.

“ఎవరూ లేరండీ. ఆశ్రమంలో పెరిగాను. పద్దెనిమిది నిండాయని ఈ నెలాఖరుకి వెళ్ళిపొమ్మన్నారు. గది దొరక్కపోతే...” గుమ్మం బయట పిల్ల తల దించుకుని గొణిగింది.

“గొణక్కు. నేలచూపులు చూసేవాళ్ళకి నేను గదివ్వను.”

దేవుడి ముందు కూర్చున్న పిన్నిగారు లేచి తలుపు వారగా వచ్చి నిలబడింది. ఎదురువాటా గుమ్మానికి ‘గది అద్దెకివ్వబడును’ అన్న అట్టముక్క వేలాడుతుండటం ఆవిడ ఎన్నాళ్ళనుంచో చూస్తోంది. ఆ గదిలో ఎవరూ దిగగా మాత్రం చూడలేదు. వీధి చివరి ఆశ్రమంలో వయసు దాటిన పిల్లలు పాపం ఆశగా మెట్లెక్కుతారు. ఈవిడ వాళ్ళని ఉతికి ఆరేస్తుంది. చుట్టుపక్కల వాటాలవాళ్ళు చాటుగా ఆవిడకి పెట్టిన పేరు ముళ్ళకంప.

“మగపిల్లలు వచ్చిపోతుంటారా నీకోసం?”

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది. పోనీలే, బతికిపోయింది అని పిన్నిగారు అనుకునేంతలో మళ్ళీ ఎక్కింది. మళ్ళీ తలుపు కొట్టింది.

“ఎవరు నువ్వు? ఏం కావాలి?” అంది ముళ్ళకంప, అప్పుడే చూస్తున్నట్టు.

పిన్నిగారికి ఒళ్ళు మండింది. “విన్నారా? ఇందాక ఏడిపించిన పిల్లనే ఎవరు నువ్వంటోంది.”

“మనకెందుకే? ఆవిడ గది, ఆవిడిష్టం,” అన్నారు బాబాయిగారు పేపరు దించకుండా.

ఈ మాట వినే పిన్నిగారు ఇన్నేళ్ళూ తలుపేసుకుంది. తమ వెనకగదిలో విరిగిన మంచాలు తప్ప ఏమీ లేవని తెలిసి కూడా.

“ఆశ్రమం పిల్లలకి చేతివాటం ఎక్కువటగా?”

అంతే, పిన్నిగారు గడియ లాగి బయటికొచ్చింది.

“చాలమ్మా, చాలు. నీ గదిని నువ్వే కౌగిలించుకుని పడుకో. ఈ పిల్లనెందుకలా కాల్చుకు తింటావు? ఇలా రావే పిల్లా, మా వెనకగది ఉంది.”

బాబాయిగారు పేపరు పారేసి పరిగెత్తుకొచ్చారు. “ముందూ వెనకా చూడకుండా మాటిచ్చేస్తావేమిటే? ఏమ్మా, అద్దె కట్టకపోతే మేమెవర్నడగాలి?”

పిల్ల తలెత్తి ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

“నన్నే అడగండి బాబాయిగారూ. మందుల షాపులో పని చేస్తున్నాను, కావాలంటే మా ఓనరుతో మాట్లాడండి. నావాళ్ళంటూ ఎవరూ లేరు. నా పూచీ నాదే.”

ఆయన కాసేపు బుర్ర గోక్కున్నారు. “సరే, ఆ మంచాలేవో తీయించు,” అంటూ లోపలికి నడిచారు.

పిన్నిగారి గుండె తేలికపడింది. ఆ మెట్లు దిగిపోయిన పిల్లలందరికీ ఏళ్ళుగా బాకీపడ్డ మాట, ఈ ఒక్కదానికైనా తీర్చేసింది. ఇక ముళ్ళకంపకి కూడా నాలుగు అంటించేద్దామని అటు తిరిగింది.

“చూశావా, నిజంగా గదిచ్చేవాళ్ళు అడిగినప్పుడు నేను నేర్పినట్టే తడబడకుండా చెప్పావు,” అంటోంది ముళ్ళకంప, పిల్ల కళ్ళు తుడుస్తూ.