హెడ్‌లైట్‌కి పట్టిన చెమట

“ఇది హెడ్‌లైటా, ఆవిరి స్నానాల గదా? చూడు, నువ్వే కళ్లారా చూడవయ్యా ఉస్తా!” టాక్సీ దిగీ దిగకముందే షహాతా వీధి అదిరేలా అరిచాడు.

అందరూ ఉస్తా అని పిలిచే మెకానిక్ బయూమి చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. కుడివైపు దీపం అద్దం లోపలంతా ఆవిరి పట్టి, కింది అంచున నీళ్లు నిలిచి ఉన్నాయి. వారం కిందట తనే విప్పి, ఎండలో ఆరబెట్టి, గాలి పోయే గొట్టంలో పేరుకున్న మట్టి తీసి, చుట్టూ కొత్త రబ్బరు జిగురుతో అతికించి బిగించిన దీపం అది. అలెగ్జాండ్రియా సముద్రపు గాలికి ఇంటి తలుపులే ఉబ్బుతాయి, నిజమే. కానీ బయూమి బిగించిన దీపంలోకి గాలి కూడా అనుమతి అడిగి రావాలని టాక్సీ స్టాండులో చెప్పుకునేవాళ్లు. ఆ మాట వినబడక చాలా రోజులైంది. ఈ మధ్య పాత ఖాతాదారులు కొందరు మొహం తిప్పుకుని, వీధి చివర సబ్రీ షెడ్డుకి పోతున్నారు.

“రేపు ట్రాఫిక్ వాళ్ల తనిఖీ ఉంది. ఈ పొర కమ్మిన కంటితో వెళ్తే నా లైసెన్సు లాక్కుంటారు. ఆ తర్వాత పెళ్లాంబిడ్డలకి ఈ ఆవిరి తాగించమంటావా?”

“నా పనిలో వంక లేదు షహాతా. నువ్వే ఎక్కడో నీళ్లల్లోకి దింపి ఉంటావు.”

“నీళ్లల్లోకా! నేను నడిపేది టాక్సీ అనుకున్నావా, చేపల పడవ అనుకున్నావా?”

కాఫీ కొట్టు ముందు డామినో ఆడుతున్నవాళ్లు ఆట ఆపేశారు. వినేవాళ్లు దొరికేసరికి షహాతాకి ఊపు వచ్చింది.

“బోర్డు మీద మీ నాన్న పేరు రాయించుకున్నావు కదా, ముందు అది చెరిపెయ్! ఆయనే ఉంటే నీ పనితనం చూసి తల ఎక్కడ పెట్టుకునేవాడో!”

బయూమికి అరికాలి మంట నెత్తికెక్కింది. తనని ఏమన్నా పడేవాడే. పోయిన తండ్రిని నడివీధిలో నిలబెడతాడా వీడు?

“అందరూ రండి! మీ కళ్లముందే విప్పుతాను. తప్పు నాదైతే ఈ షెడ్డు ఈరోజే మూసేస్తాను!”

బానెట్ ఎత్తి, దీపం వెనక రబ్బరు మూత లాగాడు. లోపల వేలికి తడిగా, మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగితే చిన్న గుడ్డ మూట. నీలం చారల గుడ్డ, బొటబొటా కారుతోంది. ముడి విప్పాడు. సగం కరిగిన రాళ్ల ఉప్పు.

“దిష్టి ఉప్పు!” అంటూ షహాతా రెండడుగులు వెనక్కి వేశాడు. “నా బండిలో చేతబడి!”

“చేతబడా, గాడిద గుడ్డా! ఈ ఊరి గాలిలోని నీళ్లని ఉప్పు తాగుతుంది. బల్బు వేడెక్కగానే వాటిని కక్కుతుంది. అదీ నీ ఆవిరి!” తప్పు తనది కానందుకు బయూమికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మళ్లీ కోపం పొంగింది. “మీ ఇంట్లో ఎవరు పెట్టారు?”

“మా ఇంటివాళ్ల జోలికి రాకు! జిగురు ఆరాలని రాత్రంతా బానెట్ ఎత్తి నీ షెడ్డు ముందే పెట్టుకున్నావు కదా!”

అది నిజమే. బయూమి ఇంకేమీ ఆలోచించలేదు. మూట పిడికిట్లో పట్టుకుని సబ్రీ షెడ్డుకి ఒక్క పరుగు తీశాడు. వెనకాలే జనం. కారు కింద పడుకుని పని చేసుకుంటున్న సబ్రీని కాలు పట్టి బయటికి లాగాడు.

“రాత్రిళ్లు వచ్చి నా బండ్లలో ఉప్పు దూరుస్తావా? ఇలాగా నా గిరాకీ లాక్కునేది?”

సబ్రీ లేచి ఒళ్లు దులుపుకున్నాడు. మూట వంక చూశాడు. పనిముట్ల పెట్టె తెరిచి, అలాంటివే మూడు మూటలు తీసి బయూమి ముందు పెట్టాడు. అన్నీ నీలం చారలవే.

“ఇవి నీ దగ్గర బాగుచేయించుకుని నా దగ్గరికి వచ్చిన బండ్లలో దొరికాయి. మళ్లీ నీ దగ్గరికే రావాలని నువ్వే పెడుతున్నావనుకున్నా. సాటి పనివాడి పరువెందుకు తీయాలని నోరు మూసుకున్నా. నన్నే దొంగంటావా సిగ్గులేనివాడా?”

“విన్నారా!” అని షహాతా ఎగిరాడు. “స్టాండులో ఒక్కొక్కరికీ చెప్తాను. ఇక ఈయన గడప ఒక్క టాక్సీ తొక్కితే అడగండి!”

జనం తలో మాటా అంటుంటే బయూమి వెనక్కి వచ్చి తన షెడ్డు ముందు నిలబడ్డాడు. తండ్రి పేరున్న బోర్డు మీద చెయ్యి వేసి గొంతు చించుకున్నాడు.

“మా నాన్న సమాధి మీద ఒట్టు! నేను పెట్టలేదు! ఈ పాడుపని చేసినవాళ్లెవరో వాళ్ల చేతులు పడిపోను!”

అప్పుడే పైనుంచి తాడు కట్టిన బుట్ట ఊగుతూ దిగింది. మధ్యాహ్నం మసీదు బాంగు వినగానే, షెడ్డు పైన మూడో అంతస్తులో ఉండే తల్లి, హజ్ యాత్ర చేసొచ్చిన హాజ్జా నఫీసా, బాల్కనీ నుంచి కొడుక్కి భోజనం దింపడం రోజూ ఉండేదే. బయూమి అలవాటుగా రొట్టెలు పక్కకి జరిపాడు. అడుగున రెండు నీలం చారల మూటలు కనిపించాయి.

“ఒరేయ్ బయూమీ!” పైనుంచి హాజ్జా గొంతు వీధంతా వినబడింది. “షహాతా బండి మళ్లీ వచ్చిందేంట్రా? నీ పనితనం మీద ఈ జనం దిష్టి ఎంత గట్టిదో చూడు, ఆ రాత్రి నేను దూర్చిన ఒక్క మూట చాల్లేదు! ఈ వారం నా మోకాళ్లు మెట్లు దిగనివ్వడం లేదు నాయనా, ఈసారి రెండు దీపాల్లోనూ నువ్వే పెట్టు!”