ఏసోబు చెప్పిన దారి

ఘాట్ రోడ్డు ఎక్కితే తనకు వాంతులవుతాయన్న సంగతి ఎక్కడో ఇటలీలో ఉన్న ఏసోబుకు తెలిసిపోయిందని గ్రహించగానే సిద్ధార్థ్ వెన్ను జలదరించింది.

మెసేజ్ మళ్ళీ చదివాడు. ‘సలెర్నో నుంచి అమాల్ఫి వెళ్ళే బస్సులో ఎడమవైపు కూర్చోండి, సముద్రం కనిపిస్తుంది. దారంతా మెలికలే. మీకు పడదు కదా, చేతిలో ఒక నిమ్మకాయ ఉంచుకోండి.’

మీకు పడదు కదా. ఆ మూడు మాటల దగ్గరే అతని చూపు ఇరుక్కుపోయింది.

ఏసోబును అతను ఎన్నడూ చూడలేదు. గొంతు కూడా వినలేదు. దోహా నుంచి అమాల్ఫికి చవగ్గా వెళ్ళి రావడం ఎలాగని యూరప్ తెలుగువాళ్ళ గ్రూపొకదానిలో నెల కిందట ఒక ప్రశ్న పెట్టాడు. ఆ సాయంత్రమే ఏసోబు పలికాడు. ప్రొఫైల్ ఫొటోలో మనిషి లేడు, పూత పట్టిన నిమ్మకొమ్మ ఉంది. అమాల్ఫి అంటేనే నిమ్మతోటలు. ఇంకేం కావాలి, ఆయన అక్కడివాడేనని సిద్ధార్థ్ తేల్చేసుకున్నాడు.

ఇక అప్పట్నుంచి ఏసోబు మాటే వేదం. సిద్ధార్థ్ రోమ్‌లో కారు అద్దెకు తీసుకుందామనుకున్నాడు. వద్దు, ఆ ఇరుకు రోడ్ల మీద కారు నిలపడానికే ఆస్తులు కరిగిపోతాయి, హాయిగా రైలెక్కి సలెర్నోలో దిగండన్నాడు ఏసోబు. సిద్ధార్థ్ అమాల్ఫిలో సముద్రానికి ఎదురుగా హోటల్ చూశాడు. అక్కడ కాదు, సలెర్నోలోనే గది తీసుకుని బస్సులో వెళ్ళి రండన్నాడు ఏసోబు. బస్సు టిక్కెట్లు సిగరెట్లమ్మే కొట్లో దొరుకుతాయని కూడా చెప్పాడు. అన్నింటికీ సిద్ధార్థ్ ‘అలాగే గురువుగారూ’ అని రాసి దణ్ణం బొమ్మ పెట్టాడు.

భార్య సునందకు మాత్రం ఈ గురుభక్తి నచ్చలేదు.

"ముక్కూ మొహం తెలియని మనిషి చెబితే తలూపుతారు. రైల్లో వెళదామని నేనంటే మాత్రం టీవీ సౌండు పెంచారు," అంది ఒకరోజు.

"ఆయన ఆ ఊరి నీళ్ళు తాగినవాడు. నువ్వేమో ఇక్కడ ముషైరిబ్‌లో మెట్రో మారాలంటే నాకు ఫోన్ చేస్తావు."

సునంద మూతి తిప్పుకుని, బాల్కనీలో నిమ్మమొక్కకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది.

నిజానికి ఈ ప్రయాణం ఆమె ముచ్చటే. కొండకు అతికించినట్టున్న రంగురంగుల ఇళ్ళు, కింద నీలంగా సముద్రం. పెళ్ళైన కొత్తలో ఏదో క్యాలెండర్‌లో చూసి ఆ బొమ్మను చింపి బీరువా తలుపు లోపల అంటించుకుంది. ప్రతి ఏడూ వెళదామనుకోవడం, ఎవరి పెళ్ళికో ఉన్న సెలవులన్నీ ధారపోసి రావడం. ఈసారే అన్నీ కుదిరాయి. వీసాలు చేతికొచ్చాయి. రైలు టిక్కెట్ల మీద తగ్గింపు ఇవాళ్టితో ఆఖరు. భోజనం కాగానే కూర్చుని కొనేద్దామనుకున్నారు.

ఇంతలో ఈ నిమ్మకాయ వచ్చిపడింది.

సిద్ధార్థ్ అనుమానితులను ఒక్కొక్కరినే తీసి చూశాడు. ఆఫీసులో ఇర్ఫాన్‌తో కలిసి ఎన్నోసార్లు దుఖాన్ వెళ్ళాడు. కానీ ఆ రోడ్డు అప్పడంలా చదును. అక్కడ తల తిరిగే ప్రసక్తే లేదు. తిరుమల కొండ మీద, అరకు దారిలో తన పాట్లు చూసింది ఇంట్లోవాళ్ళే. అంటే ఫోన్‌లో ఎవడో దూరి ఇంట్లో మాటలు వింటున్నాడన్నమాట. పోయిన వారం ఏసోబు ‘మోకాలి నొప్పి తగ్గిందా’ అని అడిగిన సంగతి గుర్తొచ్చింది. అప్పుడు ఎంత ఆప్యాయత అనుకున్నాడు. ఇప్పుడు ఏసీ గదిలో చెమట పట్టింది.

"సునందా, నా ఘాట్ రోడ్డు సంగతి ఎవరితోనైనా అన్నావా?" అని వంటింటి వైపు కేకేశాడు.

మిక్సీ ఆగింది.

"మా ఆయన కొండెక్కితే కవరు పట్టుకుంటాడని ఊరంతా చాటుకోవడానికి అదేమన్నా పద్మశ్రీయా?"

మిక్సీ మళ్ళీ మొదలైంది.

సిద్ధార్థ్‌కు ఇక సందేహం లేదు. తామెప్పుడు ఊరు దాటుతారో కనిపెట్టి ఇల్లు దోచే ముఠా ఏదో ఉంది. రైలూ వద్దు, బస్సూ వద్దు, సలెర్నోలో గది కూడా ఇప్పుడే రద్దు చేసేస్తున్నానని ప్రకటించాడు.

సునంద తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ముఖంలో రంగు లేదు.

"ఇప్పుడు రద్దు చేస్తే ఇక ఈ జన్మకు వెళ్ళం," అంది నెమ్మదిగా. "ఎవరో ఏమిటో ఆయన్నే అడగొచ్చుగా."

"అడుగుతా. నిజం చెప్పకపోతే ఈ క్షణమే రద్దు."

ఆమె పోపు మాడిపోతుందంటూ చేతులు కొంగుకు తుడుచుకుని, టేబుల్ మీది తన ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సిద్ధార్థ్ గబగబా రాశాడు. ‘నువ్వెవరివి? ఎక్కడ్నుంచి రాస్తున్నావు? నిజం చెప్పకపోతే ప్రయాణం రద్దు.’

అవతల ఏసోబు రాస్తున్నట్టు తెర మీద చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. శుక్రవారం మధ్యాహ్నం, కిటికీ అవతల అల్ ముంతజా వీధులు కునుకు తీస్తున్నాయి. వంటింట్లో మిక్సీ చప్పుడు కూడా లేదు. సిద్ధార్థ్ లాప్‌టాప్ తెరిచి, రద్దు బటన్ మీదికి బాణం గుర్తును జరిపి ఉంచాడు.

ఫోన్ టింగుమంది.

‘వంటింట్లోంచే రాస్తున్నానండీ, చారు చల్లారుతోంది, రండి.’