బ్రేకులు కుదిరేదాకా

ముసలాయన ఆ రోజు కూడా రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడ్డాడు.

రామచంద్రం బ్రేకు తొక్కాడు. కారు నెమ్మదించింది. ముసలాయన ముఖం దగ్గరగా కనిపించింది. అంతలోనే రామచంద్రం మళ్ళీ వేగం పెంచి ముందుకు వెళ్ళిపోయాడు.

నాదేమన్నా షేర్ ఆటో అనుకుంటున్నాడా ఈయన, అని విసుక్కున్నాడు.

ఆపడానికి వీల్లేదు మరి. కొత్త బ్రేకులు వేశాక వాటిని కుదురుకోనివ్వాలి. యాభైలో వెళ్ళి, పదికి తగ్గించి, ఆగకుండా మళ్ళీ యాభైకి. అలా రోజూ పొద్దున పదిసార్లు. వేడి మీదున్నప్పుడు ఆపి తొక్కిపెడితే పడ్డ శ్రమంతా పాడవుతుంది. వారం రోజులు ఇలా చెయ్యమన్నాడు మెకానిక్.

అందుకే విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీ వెనక ఖాళీగా ఉండే ఈ రోడ్డుకు వస్తున్నాడు.

రామచంద్రం కుంఠా నాకాలో ఒక షెడ్డు పెట్టుకుని మరమగ్గాలు బాగుచేస్తాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోయినా చేతులకు పనైనా ఉంటుందని కారు కట్టడం మొదలుపెట్టాడు. పాత మారుతి ఇంజను, మూలపడ్డ మగ్గాల ఇనుము, రెండేళ్ళ ఆదివారాలు కలిస్తే ఈ కారు.

కారైతే తయారైంది గానీ ఎక్కేవాళ్ళే దొరకలేదు.

పక్క షెడ్డు హరీశ్‌ను పిలిస్తే, "బ్రేకులు మంచిగ పడనియ్యి మామా, అప్పుడు జూస్తం" అని నవ్వి తప్పించుకున్నాడు. గల్లీలో మిగతావాళ్ళదీ అదే మాట.

రామచంద్రానికి పెద్ద కోరికలేం లేవు. పక్క సీట్లో ఒక్క మనిషి కూర్చుని, ఇల్లు చేరేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ వస్తే చాలు. ఎండ గురించైనా సరే.

మూడో రోజు కారు నెమ్మదించినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి ముసలాయనకు చెప్పాడు.

"ఆపనీకి రాదు పెద్దాయనా, బ్రేకులు కొత్తయి."

ముసలాయన తలూపాడు. అర్థమైందనే అనిపించింది. అయినా మర్నాడు అక్కడే ఉన్నాడు, చెయ్యెత్తుకుని. మతి సరిగా లేదేమో పాపం అనుకున్నాడు రామచంద్రం.

వారం పూర్తయింది. కాలు ఆనిస్తే చాలు, కారు చెప్పినట్టు వింటోంది.

ఆ సంతోషం ఇంటికి వెళ్ళేసరికే సగమైంది. ముసలాయన గుర్తొచ్చాడు. దగ్గరికొచ్చి ఆగినట్టే ఆగి, వారం రోజులు ఆయన్ను ఆశపెట్టి వెళ్ళిపోయాడు తను. మొదట ఎక్కించుకోవలసింది ఆయన్నే అని నిశ్చయించుకున్నాడు.

కానీ రెండు రోజులు మగ్గాల రిపేరుతోనే సరిపోయింది. మూడో రోజు పొద్దున్నే కారు తుడుచుకుని బయల్దేరాడు.

ముసలాయన లేడు. రామచంద్రం మొదటిసారి అక్కడ కారు ఆపి దిగాడు.

రోడ్డు వారనున్న ఎత్తైన గోడ పక్క గల్లీలోంచి ఆడవాళ్ళు బీడీల బుట్టలతో రోడ్డు దాటుతున్నారు. ముందు నడుస్తున్న సుందరాబాయి అనే ఆమెను ఆపి, ఇక్కడ రోజూ లిఫ్టు అడిగే పెద్దాయన ఎక్కడున్నాడని అడిగాడు.

ఆమె అతన్ని, కారును మార్చి మార్చి చూసింది.

"లిఫ్టు అడిగెనా? నీ బండి వస్తుంటే ఈ గోడ చాటుకు మమ్మల్ని ఆపుతుండె. ఒక చెయ్యి మాకు అడ్డం పెట్టి, రోడ్డు ఖాళీగున్నది రమ్మని ఇంకో చెయ్యి నీకు ఎత్తుతుండె."

ఆయన సిటీ బస్సుల డిపోలో ఏళ్ళ తరబడి బ్రేకుల పని చేసిన మనిషట. మొదటి రోజే వాసన చూసి, కొత్త బ్రేకులు కుదురుస్తున్నాడని చెప్పాడట. బీడీలు అప్పజెప్పే వేళ దాటిపోతోందని ఆడవాళ్ళు గొడవపడితే బతిమాలి మరీ ఆపాడట.

రామచంద్రానికి సిగ్గేసింది. ఆయన ఇల్లెక్కడో చూపించమన్నాడు.

సుందరాబాయి ముఖం గట్టిపడింది.

"ఇంక ఇల్లేంది? మొన్న నిద్రలనే పాణం పోయింది. ఒంటిగ బతికినోడు. మట్టి జేసేటప్పుడు నువ్వన్న వస్తవనుకున్నం."

"నేనా?"

"మా తమ్ముడు నడుపుతుండు, బ్రేకులు కుదిరేదాక జర ఓపిక పట్టుండ్రి అని రోజూ నీ గురించే చెప్తుండె. ఆ తమ్ముడు వస్తడని పొద్దు గూకేదాక శవాన్ని ఎత్తలే మేము."

ఆ తమ్ముడు తనేనన్నట్టు రామచంద్రం తలదించుకున్నాడు.

ఆలస్యమైందక్కా, తప్పయింది, అన్నాడు. కళ్ళు నిండిపోయాయి. ఈ లోకంలో తనకెవరూ లేరనుకుంటూ వారం రోజులు ఆయన ముందునుంచే వెళ్ళాడు.

సుందరాబాయి మెత్తబడింది. పోనీలే, ఇప్పుడన్నా వచ్చినవ్, అంది.

ఆమె బుట్ట సర్దుకుని కదులుతుంటే, ఆయన పేరేమిటని అడగబోయాడు రామచంద్రం. తమ్ముడు అడిగే మాట కాదని ఆగిపోయాడు.